మూత ఎత్తగానే కనిపించిన పేజీ

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. నా మీద జాలి పడకండి, అదేం అక్కర్లేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ మంట చెప్పుకోవడానికే నోరు విప్పాను.

పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. అక్కడ నాకు తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ చిప్ ఒకటి అతికించారు. దాని లోపల ఏం జరుగుతుందో తయారుచేసిన కంపెనీ ఎవరికీ చెప్పదు. హైదరాబాదులో ఒక ఆఫీసు నన్ను కొన్నాళ్లు అరగదీసి, కొత్తవి రాగానే పాత సామాను కొట్టుకు అమ్మేసింది. అక్కడ నన్ను చూసి ముచ్చటపడి తెచ్చుకున్నవాడు ఫణీంద్ర.

ఫణీంద్ర 'తంగేడు' మనిషి. తంగేడు అంటే కొందరు తెలుగువాళ్లు కలిసి జీతం బత్తెం లేకుండా తయారుచేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. కాకపోతే ఇంటర్నెట్‌లో వాళ్లు చర్చించుకునే ఫోరంలో అందరూ సరేననే దాకా ఒక్క లైను కూడా మార్చకూడదని నియమం పెట్టుకున్నారు. వినడానికి బాగుంది కదా? నాకూ మొదట్లో బాగానే ఉంది. నాలో తంగేడు ఎక్కించి, ఫణీంద్ర నన్ను గుంటూరులో మెహరున్నీసాకు ఊరికే ఇచ్చాడు.

మెహరున్నీసా ఆడవాళ్ల సహాయ కేంద్రం నడుపుతుంది. దెబ్బలు తిని ఇల్లు వదిలొచ్చిన వాళ్లకు తలదాచుకునే చోటు చూపిస్తుంది. ఎవరు ఎక్కడున్నారో నాలో రాసుకుంటుంది. ఆ వివరాలు బయటికి పొక్కితే ప్రాణాల మీదికి వస్తుంది. పైగా అక్కడొక పద్ధతి ఉంది. భర్తలను కూడా పిలిచి, బల్లకు ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేదీ వింటారు. ఆ బల్ల మీదే నేను.

ఒకరోజు ఆమెకు నా జబ్బు తెలిసింది. మూత వేసి మళ్లీ తెరిస్తే, పాస్‌వర్డ్ అడిగే లోపు, అంతకుముందు చూసిన పేజీ తెర మీద కాసేపు నిలబడుతోంది. చదువుకోవడానికి చాలినంత సేపు. ఆమె కంగారుపడి ఫోరంలో రాసింది: "మా బల్ల ముందు ఆ భర్తలే కూర్చుంటారండీ. దయచేసి తొందరగా చూడండి."

ఇక చూడాలి వీళ్ల పెద్దరికం! ఏ వెర్షనో రాయలేదేమని ఒకడు గదమాయించాడు. అడిగే ముందు పాత చర్చలు వెతుక్కోవాలని ఇంకొకడు నీతి చెప్పాడు. ఫణీంద్ర మాత్రం, పాస్‌వర్డ్ అడిగేదాకా తెరను నల్లగా ఉంచే చిన్న సవరణ రాసి అందరి ముందూ పెట్టాడు. అప్పుడు దిగాడు చక్రపాణి. తంగేడులో భద్రత విషయాలకు ఆయనే పెద్ద దిక్కు.

"మిషన్ పరాయివాడి చేతిలో పడ్డాక భద్రత అనే మాటే లేదండీ. కాబట్టి ఇది భద్రతా లోపం కిందికి రాదు. ఆ చిప్ జబ్బు," అని తేల్చేశాడు.

పరాయివాడట! అక్కడికి వచ్చేది తాళం పగలగొట్టే దొంగ కాదు మహానుభావా, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టిన మొగుడు! ఈయన ఊహలో శత్రువెప్పుడూ ఏ దేశంలోనో కూర్చుని తంత్రాలు నడుపుతుంటాడు. ఎదురు కుర్చీలో ఉన్నవాడు ఆయన కంటికి ఆనడు.

రహస్యాలు దాచే కంపెనీల చిప్‌లకు మనమెందుకు అతుకులు వేయాలని ఇంకొకరు లేచారు. అక్కడి నుంచి గొడవ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీదికి మళ్లింది. తిట్టుకున్నారు, అలిగారు, మళ్లీ వచ్చి తిట్టుకున్నారు. మెహరున్నీసా ఊసే లేదు. వాడనప్పుడల్లా పూర్తిగా ఆపేసుకోమని ఎవరో సలహా పారేశారు. ఆమె ఆపేది కూడా. కానీ నేను మళ్లీ లేచేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఏడుస్తూ వచ్చిన మనిషిని అంతసేపు గుమ్మంలో నిలబెడతారా?

పోనీ, ఫణీంద్ర ఒక బస్సెక్కి వచ్చి, నా ఒక్కదానికైనా ఆ సవరణ పెట్టి పోవచ్చు. ఆమె ఫోన్ చేసి అడిగింది కూడా. "అందరూ ఒప్పుకోకుండా ఎట్లా అక్కా, రూలు కదా," అన్నాడు.

మెహరున్నీసా చోటు చూపించిన ఆడవాళ్లలో ఒకతె కోటేశ్వరి. ఆ రూలు అట్లా ఉండగానే ఆమె మొగుడు వచ్చాడు. "నాకు బుద్ధొచ్చింది మేడమ్. మా ఆడదాంతో ఒక్కసారి మాట్లాడించండి, కాళ్లు పట్టుకుంటా," అన్నాడు. కోటేశ్వరి పేజీ చూస్తున్న మెహరున్నీసా చటుక్కున నా మూత వేసింది. అంతలో వరండాలో ఒకామె కళ్లు తిరిగి పడిపోయిందని కేకలు. మెహరున్నీసా అటు పరుగెత్తింది. వాడు తాపీగా చెయ్యి చాచి మూత ఎత్తాడు. కోటేశ్వరి చీరాలలో ఏ హాస్టల్లో వంట చేస్తోందో, కూతురు ఏ బడిలో ఉందో అంతా నా మొహం మీదే ఉంది.

మెహరున్నీసా తిరిగొచ్చేసరికి వాడు మూత దించుతున్నాడు.

"ఏం చూశావయ్యా?"

"ఏం చూళ్లేదు మేడమ్, టైమెంతయ్యిందో చూద్దామని," అని నవ్వుతూ లేచిపోయాడు.

ఆమె వెంటనే చీరాలకు ఫోన్ చేసింది. కోటేశ్వరి పొయ్యి మీద అన్నం అట్లాగే వదిలేసి, బడిలోంచి కూతుర్ని లాక్కుని వెళ్లిపోయింది. సాయంత్రానికి వాడు హాస్టల్‌కు వచ్చి గిన్నెలన్నీ విసిరికొట్టాడు. ఆమె దొరకలేదు. ఆమె పని పోయింది, పిల్ల చదువు పోయింది.

మెహరున్నీసా ఇది ఫోరంలో రాశాక అందరూ ఒక్క పూటలో సరేనన్నారు. ఒక్క పూట! నన్ను వెనక్కి తెప్పించి సవరించారు. వార్షిక సభలో ఫణీంద్ర నన్ను వేదిక మీద పెట్టి మూత ఎత్తాడు. తెర నల్లగా ఉండి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ అడిగింది. చప్పట్లు! "ఇదీ మన సమష్టి బలం," అన్నాడు చక్రపాణి, సిగ్గు లేకుండా.

ఫణీంద్ర వేదిక దిగి గుంటూరుకు ఫోన్ చేశాడు. "అక్కా, బాగైపోయింది. రేపే పంపించమంటావా?"

"ఎందుకు బాబూ? అందులో రాసుకోడానికేముంది? కోటేశ్వరి ఇప్పుడెక్కడుందో నాక్కూడా చెప్పలేదు," అంది మెహరున్నీసా.

చెప్పకుండా మంచి పనే చేసింది.