పద్యం ముందు పాడిన రోజు

పెదవుల మీద తుప్పు రుచి.

రేకు బూర నోటికి ఆనించిన ప్రతిసారీ అదే రుచి... పక్కన గోదావరి, తడిసిన మట్టి వాసన.

రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న ఏడు. మేం ముగ్గురం, కాలేజీ కుర్రాళ్లం — అబ్రహాము, పెదబాబు, నేను. రోజూ దీపాలవేళకి రాజమహేంద్రవరం రేవులో బోర్లించిన పడవెక్కి, బూరలోంచి ఊరికి కబుర్లు చెప్పేవాళ్లం. ముందు అబ్రహాము — భద్రాచలం నుంచి తంతిలో వచ్చిన వరద కబురు. తర్వాత పెదబాబు — బియ్యం ధర, ఎవరో పోగొట్టుకున్న గొడుగు. చివర నేను — ఒక్క పద్యం.

‘బూరబాబులు’ అనేవాళ్లు మమ్మల్ని. ఎంత పొంగిపోయేవాళ్లమో!

పాయకి అవతల, ఏటి నడుమ దిబ్బ మీద లంక ఊరు. అక్కడ అబ్రహాము తల్లి సూరమ్మగారు, చెల్లెలు పాపాయి, పదకొండు గొడ్లు. అంత దూరం మాట పోదు. రాగం పోతుంది.

నిరుడు అబ్రహాము పెద్ద వరద కబురు చదివిన సాయంత్రం నాకు పాడబుద్ధి కాలేదు, పాడలేదు. పద్యం రాలేదేమిటా అని సూరమ్మగారు భయపడి, గొడ్లని ఈదించుకుంటూ దోనెలో ఇవతలికి వచ్చేశారు. తెల్లారేసరికి లంక మీద నిలువెత్తు నీళ్లు.

అప్పట్నించీ అదే గుర్తు. పద్యం వినబడితే నిశ్చింత. వినబడకపోతే బయల్దేరాలి.

పద్యం అందగానే ఆవిడ లాంతరు ఒకసారి ఎత్తేవారు — విన్నామని. మరీ నచ్చితే రెండుసార్లు — ఇంకోటి పాడమని.

ఆ రోజు తంతి ఆలస్యమైంది. దానికోసం అబ్రహాము తంతి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. రేవు నిండా జనం. ముందు వరసలో మా మేష్టరుగారు, ఇంటిల్లిపాదితో.

“ఏంటి నాయనా, ఇవాళ పద్యం లేదా? మా వాళ్లు నీకోసమే వచ్చారు,” అన్నారు.

“అబ్రహాముని రానియ్యరా,” అన్నాడు పెదబాబు.

ఆగానా? ఆగలేదు. నా గొంతంటే నాకు అంత మురిపెం.

పాడేశాను. అబ్బో, ఎంత బాగా పాడానో!

లంక మీద లాంతరు లేచింది. ఒకసారి.

అప్పుడు వచ్చాడు అబ్రహాము, పరుగున, చేతిలో కాగితం నలిగిపోయి.

“పైన గట్లు దాటేసిందిరా! నిన్నటి తంతి... దారిలో స్తంభం పడిపోయి ఇప్పుడొచ్చింది. ఏ క్షణాన్నైనా—”

లంకకేసి చూశాడు. లాంతరు చూశాడు.

“పాడేశావా?”

తల ఊపాను.

“మా అమ్మ విందా?”

పాడిన పద్యాన్ని వెనక్కి తీసుకోవడం ఎలా? పాడకపోవడాన్ని ఇప్పుడు వినిపించడం ఎలా?

బూరలో అరిచాను — “వచ్చెయ్యండీ! వరదొస్తోందండీ!” మళ్లీ అరిచాను. మంట వేద్దామన్నారెవరో. వేస్తే లంకలో వాళ్లు ఏదో వేడుక అనుకుంటారు.

“నోరు ముయ్యరా బాబూ, నీకు దణ్ణం పెడతాను,” అన్నాడు పెదబాబు. “ఆ దూరానికి అదీ పాటేరా!”

రేవులో పడవవాడు బుల్లియ్య నీళ్లకేసి చూశాడు. “పడవ అడ్డం తిరిగిపోద్దండి బాబూ,” అన్నాడు. అంటూనే తెడ్డు అందుకున్నాడు. అబ్రహాము ఎక్కాడు. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

నీళ్లు ఎర్రబడ్డాయి. రేవులో ఒక మెట్టు మునిగింది... ఇంకో మెట్టు...

పడవ నడిపాయలో ఉంది. వెళుతోందో, కొట్టుకుపోతోందో తెలియడం లేదు.

భయం. దేవుడా, ఆవిడకి ఒక్కసారి అనుమానం రానీ...

లంక మీద లాంతరు కదిలింది.

బయల్దేరారు — అనుకున్నాను.

లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

రెండుసార్లు.

బూర ఇంకా నా నోటి దగ్గరే ఉంది... పెదవుల మీద తుప్పు రుచి.