పావురాల కథకు ఊఁ కొట్టినవాడు

కథ చెప్పేవాళ్లకి నోరొక్కటే ఉంటే చాలదు, ఎదురుగా ఊఁ కొట్టేవాళ్లుండాలి. మాదాపూర్‌లోని ఆ కంపెనీలో మొదటి శుక్రవారం ఈ మాట అంటే అక్కడ కూర్చున్నవాళ్లంతా నన్ను వింతగా చూశారు. రిటైరయ్యేదాకా తెలుగు టీచరుగా బళ్లో అరిచినదాన్ని, ఇలాంటి చూపులు నాకు కొత్త కాదు.

"ఎవరూ ఊఁ కొట్టకపోతే నేను లేచి బాచుపల్లి బస్సెక్కేస్తానండీ," అన్నాను.

వెనక కుర్చీలోంచి ఒక గొంతు "ఊఁ" అంది. అలా పరిచయమయ్యాడు వీరేశం. టీములో అందరికన్నా పెద్దవాడు, యాభైకి దగ్గర పడ్డాడు. పుట్టి పెరిగింది పక్కనే ఉన్న కొత్తగూడలో. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం అతని ఉద్యోగం. ఇంజనీరింగు చదివే కూతురు వర్షిత ఫొటో కంప్యూటర్‌కి అంటించుకున్నాడు.

నన్ను పిలిపించింది హెచ్‌ఆర్ చూసే సంయుక్త. వారానికో దేశం కథ చెప్పాలి, జనం కలిసిమెలిసి పనిచేయాలి, అదీ ఆవిడ కోరిక. ఇంకో షరతు కూడా పెట్టింది. కథ కాగానే దాని నీతి ఒక్క ముక్కలో తెరమీద పడాలి. చెరకు నమలకుండా రసం గ్లాసులో పోసివ్వమనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఒప్పుకున్నాను. ఇంట్లో నా కథలు వినే తీరిక ఎవరికుంది కనక!

మొదటిరోజు మన పాత పావురాల కథే చెప్పాను. నూకలకి ఆశపడి పావురాలన్నీ వలలో చిక్కుకుంటాయి. తలోవైపూ గుంజుకుంటే లాభం లేదు, అందరం ఒకేసారి రెక్కలు కొడదాం అంటాడు వాటి రాజు. వలతో సహా ఎగిరిపోతాయి, బోయవాడు నోరెళ్లబెట్టి చూస్తాడు. అక్కడికి టైమైపోయింది. తెరమీద "ఐకమత్యమే మహాబలం" అని పడింది.

"అమ్మా, ఎగిరినయ్ సరే, వల ఇంక కాళ్లకే ఉంది గద. తర్వాత ఏమాయె?" అన్నాడు వీరేశం.

"తర్వాతిది ఇంకోసారి," అని సంయుక్త లైట్లు వేసేసింది.

ఆ ఇంకోసారి రాలేదు. తర్వాతి వారం రష్యా తాత పొలంలో దుంప పెరకడానికి ముసలమ్మ, మనవరాలు, కుక్క, పిల్లి, చివరికి ఎలుక కూడా సాయం పట్టిన కథ చెప్పాను. ఇంకో వారం ఇంకో దేశం. ఎక్కడ చూసినా చిన్నవాళ్లంతా కలిస్తే పెద్ద కష్టం గట్టెక్కుతుంది. వీరేశం ఊఁ కొడుతూనే ఉన్నాడు. లోహిత్ అని కొత్తగా చేరిన కుర్రాడు మాత్రం చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేవాడు కాదు.

ఒకరోజు క్యాంటీన్‌లో శిరీష టీ కప్పుతో వచ్చి నా పక్కన కూర్చుంది. వీరేశం పక్క సీటు పిల్లే. కంపెనీ టీముకొకరిని తీసేస్తుందట. మీలో అందరికన్నా వెనకబడినవాళ్లెవరో మీరే రాసివ్వండి అని ఒక్కొక్కరినీ విడిగా అడిగారట. కొత్త పద్ధతులు నేర్చుకోవడంలో వీరేశం నెమ్మది. అడిగినవాళ్లకీ, రాయాల్సినవాళ్లకీ, చివరికి వీరేశానికీ ఆ పేరేదో తెలుసు.

"మేమంత ఒక్కటే అనుకున్నం మేడమ్. ఎవ్వరి పేరు రాయలే. 'మేం పావురాలం' అని రాసి ఇచ్చినం," అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లు పిల్లలకి నీతికథలు చెప్పాను గానీ, ఒక నీతిని పట్టుకుని నా కళ్లముందు ఎవరూ ఇంత పని చేయలేదు. అదీ నేను సగం చెప్పి వదిలేసిన కథని నమ్ముకుని. గర్వపడాల్సింది పోయి భయం పట్టుకుంది.

మర్నాడే సంయుక్త పిలిచింది. "మీ కథ బాగా పనిచేసిందండీ, కొంచెం ఎక్కువే పనిచేసింది. ఈ శుక్రవారం బల్లి కథ చెప్పండి. ప్రాణం మీదికొస్తే తోక వదిలేసి బతుకుతుంది కదా. వదులుకోవడం కూడా బలమే అని ఎండ్ చేద్దాం."

"వదిలేసేముందు బల్లి తోకని అడిగిందామ్మా?"

"మేడమ్, ప్లీజ్. చెప్తారు కదా?"

చెప్తానన్నాను. ఏ కథో చెప్పలేదు.

ఆ శుక్రవారం మేనేజర్ నితీష్ కూడా వచ్చాడు. కథలకి అతను రావడం అదే మొదలు. పేర్లివ్వమంటే టీము ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు ఆ పేరు అతనే పంపాలి. గదిలో అందరూ అతని మొహమే చూస్తున్నారు. నేను బల్లి జోలికి పోకుండా పావురాల కథని ఆపినచోట అందుకున్నాను.

పావురాలు వలతో సహా ఎలుక కలుగు దగ్గర దిగాయి. ఆ ఎలుక పావురాల రాజుకి పాత నేస్తం. పరుగున వచ్చి రాజు కాళ్లకున్న తాడు కొరకబోయింది.

"ఊఁ," అన్నాడు వీరేశం.

"ముందు నావాళ్లవి కొరుకు," అన్నాడు రాజు. "నా పళ్లు చిన్నవి, అందరివీ కొరికేలోపు అరిగిపోతే నువ్వు వలలోనే మిగిలిపోతావు," అంది ఎలుక. "మిగిలితే మిగిలాను. నా మాట నమ్మి ఎగిరారు, ముందు వాళ్లు బయటపడాలి," అన్నాడు రాజు.

ఈసారి వీరేశం ఊఁ సరిగా పలకలేదు. నితీష్ బల్లకేసి చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. కథ తగలాల్సిన చోట తగిలిందని నాలో నేనే పొంగిపోయాను. సంయుక్త తెరమీద ఏ నీతీ వేయలేదు.

లిఫ్టు దగ్గర నితీష్ నన్ను కలుసుకున్నాడు. "మా అమ్మమ్మ కూడా ఈ కథ చెప్పేదండీ. ఆ రాజంటే చిన్నప్పుడు నాకు ప్రాణం."

"ఇంకేం నాయనా, దారి తెలిసినట్టేగా."

"పేరివ్వకపోతే ఆ లిస్టులో నా పేరే పడుతుంది మేడమ్. ఆ రాజుకి హోమ్ లోన్ లేదు." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"వల ఉంది కదయ్యా ఆ రాజుకి కూడా!" అన్నాను. గొంతు లేచిందని నాకే తెలిసింది. లిఫ్టు వచ్చింది. అతను ఎక్కలేదు.

సోమవారం శిరీష ఫోన్ చేసింది. నితీష్ వీరేశం పేరే ఇచ్చాడు. మధ్యాహ్నానికల్లా వీరేశం మెడలో కార్డు తీసి ఇచ్చేసి, కూతురి ఫొటో జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడట. నేను వీరేశానికి ఫోన్ చేశాను.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. కథ మస్తుగుండె. నితీష్ సార్ నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు గూడ," అన్నాడు. మళ్లీ తనే, "గిట్ల ఏడ్చేటోళ్లకు కథ ఎక్కినట్టా, ఎక్కనట్టా?" అని అడిగాడు.

వినేవాడి కంట నీరొస్తే కథ పని అయిపోయిందని బతుకంతా నమ్మినదాన్ని.

ఆ శుక్రవారం ఇక రానని సంయుక్త మొహమ్మీదే చెప్పాలని వెళ్లాను. వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోలేదు. నితీష్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఈరోజు జపాన్ కథ, కొత్త ఆశ గురించి," అంది సంయుక్త హుషారుగా.

"నా దగ్గర కథల్లేవండీ. మీలో ఎవరైనా చెప్పండి," అన్నాను.

అప్పుడు శిరీష లేచింది.

"అనగనగా ఒక ఆఫీసుల వీరేశమన్న అని ఒకాయన ఉండె," అంది. అని ఆగింది.

ఎందుకాగిందో గదిలో అందరికీ తెలుసు. ఊఁ కోసం. సంయుక్త, "శిరీషా, ఇది మనం తర్వాత మాట్లాడుకుందాం," అంది. నితీష్ కాళ్లకింద కార్పెట్ చూస్తున్నాడు. ఊఁ కొడితే రేపు తన పేరే రావచ్చని ప్రతి మొహంలోనూ ఉంది. శిరీష కూర్చుండిపోతుందేమో అనిపించింది.

"ఊఁ," అన్నాను, బళ్లో చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో.

శిరీష నావైపు తిరిగింది. "ఆయనను కాపాడుకుందమని మేం ఒకసారి అందరం కలిసి ఎగిరినం," అంది.

రెండో ఊఁ నాది కాదు. లోహిత్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.