బూర్మాకాన్ గీకిన రొట్టెలు

పొద్దున్నే తందూరు రాజేసి, ఎనిమిదింటికల్లా రొట్టెలు బస్టాండుకు చేర్చడం బూర్మాకాన్‌కు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ మంగళవారమూ చేర్చి వచ్చి, చాయ్ పోసుకుని ఫోన్ తెరిచింది. వీధి ఆడవాళ్ళ గ్రూపులో గుల్‌బారా అనే పేరుతో ఎవరో ఒక ఫొటో పెట్టారు. ఒంటి మీద నూలుపోగు లేదు. ముఖం ఎదురింటి కుందుజ్‌ది.

ఫోన్లో వేధించేవాళ్ళను ఎలా ఆపాలో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో వీడియోలు తీసి చెప్పే పిల్ల కుందుజ్. ఉజ్గెన్ ఊళ్ళో సగంమంది ఆడపిల్లలకు ఆమే ధైర్యం. బూర్మాకాన్ క్షణం కూడా ఆలోచించలేదు. "అందరికీ బుద్ధులు చెప్పే పిల్ల చేసే పని ఇదా?" అని రాసి, ఇంకో మూడు గ్రూపులకు పంపింది.

మధ్యాహ్నానికి కుందుజ్ తండ్రి చెవిన పడింది. ఫోన్ లాక్కుని, కూతుర్ని కొండల్లో ఉన్న మేనత్త ఇంటికి పంపేశాడు. అది అతికించిన ముఖమని తేలేసరికి గుల్‌బారా అనే ఖాతాయే లేదు. భయపడి అందరూ ఫొటో చెరిపేసుకున్నారు.

మర్నాడు బూర్మాకాన్ రొట్టెలన్నిటి మీదా ఆమె రాసిన మాటే కాలి ఉంది. దాని కిందే, ఫొటో పంపినవాడి అసలు పేరు: ఎర్మెక్. కుందుజ్ కాదన్న పెళ్ళికొడుకు.

"అక్షరాలు మాడాయి, రేపు కాస్త ముందు తియ్యి," అంది బస్టాండులో అమ్మే ఆవిడ.

వాడి పేరు చూపించాలంటే తన మాటా చూపించాలి. బూర్మాకాన్ చాకు తీసుకుని రెండూ గీకేసింది. అలా నలభై రోజులు గీకింది.

నలభై ఒకటో రోజు కుందుజ్ తల్లి సైరా వచ్చింది.

"ఆధారం లేనిదే కేసు రాయనంటున్నారు వదినా. ఒక్కటి గీకకుండా ఇవ్వు."

"నీకెప్పుడు తెలిసింది?"

"రోజూ తింటున్నదే కదా. గీకినా లీలగా కనబడుతూనే ఉంది."

బూర్మాకాన్ చాకు కింద పెట్టి, రొట్టెను గుడ్డలో చుట్టుకుని తనే సైరా వెంట పోలీసుల మిలీషియా ఆఫీసుకు నడిచింది. అధికారి రెండు వరుసలూ చదివాడు.

"పైన ఉన్న మాట ఎవరిది?"

"నాదే. రాసుకోండి."

ఎర్మెక్ ఫోన్లో ఇంకా పదకొండుమంది ఆడపిల్లల ఫొటోలు దొరికాయి. కుందుజ్ తిరిగొచ్చింది. రాజధాని బిష్కెక్‌లో ఆమెకు రావాల్సిన ఉద్యోగం మాత్రం అప్పటికే వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది.

వచ్చిన రెండో రోజు ఆ పిల్లే వీధి దాటి వచ్చింది. బూర్మాకాన్ లేచి నిలబడింది.

"నిజం చెప్పావు, మేలే చేశావు అత్తా," అంది కుందుజ్. "కానీ ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పంపే ముందు కిటికీలోంచి పిలిచి అడిగినా పలికేదాన్ని."

బూర్మాకాన్ వీధికి అవతలున్న ఆ కిటికీ వైపు చూసింది. కుందుజ్ వాళ్ళింటికి వెళ్ళిపోయింది.