రైటమ్మ దిగిన రేవు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా చేశాక ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. డిపోలో మేనేజరు దగ్గర్నుంచి టైర్లకి గాలి కొట్టేవాడి దాకా అందరికీ ఆవిడ రైటమ్మే. ఆవిడ "రైట్" అందంటే బస్సు కదలాల్సిందే. ఒక్క నిమిషం ముందూ లేదు, వెనకా లేదు. పరిగెత్తుకొచ్చేవాళ్లు ఎంత గొంతు చించుకున్నా, డ్రైవరు జాలిపడి వెనక్కి తిరిగి చూసినా, రైటమ్మ మాత్రం చూసేది చేతి గడియారం వంకే.

అలాంటి మనిషి రిటైరైన నాలుగో నెలలో, మొగుడి పోరు పడలేక ఓడెక్కింది.

మొగుడు టైలరు. నలభై ఏళ్లు మిషన్ తొక్కిన కాళ్లకి కాస్త సముద్రపు గాలి తగలాలని పట్టుబట్టి టిక్కెట్లు తీశాడు. ఆ ఓడ ఏడు రేవులు చుట్టి వస్తుంది. ఎక్కేవాళ్లు ఏ రేవులోనైనా ఎక్కొచ్చు, దిగేవాళ్లు ఏ రేవులోనైనా దిగొచ్చు. రైటమ్మకి ఈ పద్ధతి తెగ నచ్చేసింది.

"ఇది ఓడేంటండీ, మన ఆర్డినరీ బస్సే! కాకపోతే స్టాపులు దూరం," అంది.

టైలరు జవాబు చెప్పే స్థితిలో లేడు. ఓడ కదిలిన గంటకే కడుపులో తిప్పి మంచానికి అతుక్కుపోయాడు.

రైటమ్మకి మాత్రం మొదటి మూడు రోజులూ కాలు నిలవలేదు. రేవొచ్చిందంటే చాలు, మెట్ల దగ్గర ప్రత్యక్షం. అక్కడ తెల్ల చొక్కా ఆఫీసరు ఒకాయన, నడివయసు మనిషి, ఎక్కేవాళ్ల కార్డులూ దిగేవాళ్ల కార్డులూ మిషన్లో గీకుతూ ఉండేవాడు. "ముందు దిగేవాళ్లని దిగనివ్వండి! ఎక్కేవాళ్లు పక్కకి జరగాలి! ఆ పెట్టె ఎవరిదయ్యా, దారికడ్డంగా?" అని ఆవిడ ఒక్క కేక వేస్తే జనం నిజంగానే జరిగేవాళ్లు. ఆఫీసరు మొదట బిత్తరపోయాడు. రెండో రేవులో తనే కుర్చీ తెప్పించి ఆవిడకి వేయించాడు.

భోజనాల హాల్లో వాళ్ల బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలు. మొదటి రేవులో వీళ్లతో పాటు ఎక్కిన పళ్ల డాక్టరు దంపతులు మూడో రేవులో దిగిపోయారు. రెండో రేవులో ఓ కొత్త జంట ఎక్కింది. ప్రతి సాయంత్రం ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు "స్నానాల గదిలో వేణ్నీళ్లకి ఎటు తిప్పాలండీ?" అని అడుగుతుంటారు, ఎవరో ఒకరు ఫోన్ నంబర్లు రాసుకుని కళ్లు తుడుచుకుంటుంటారు. కొత్తవాళ్లు ఎక్కినప్పుడల్లా లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. పాతవాళ్లు మళ్లీ రానక్కర్లేదు. రైటమ్మ మాత్రం మూడుసార్లూ మొదటి వరసలో నిలబడి తాళ్లు బిగించుకుంది, పక్కవాళ్లకి కూడా ఊపిరాడకుండా బిగించింది.

ఎనిమిదింట్లో ఒక కుర్చీ మాత్రం మొదటి రోజు నుంచీ ఖాళీ. అది నాలుగో రేవులో ఎక్కాల్సిన వాళ్ల కూతురిది.

అసలు సంగతి చెప్పొద్దూ? టైలరు ఈ యాత్ర పెట్టుకున్నది సముద్రం మీద మోజుతో కాదు. ఆయనకి చెరువులో తెప్పెక్కినా కళ్లు తిరుగుతాయి. కూతురు నాలుగో రేవు ఊళ్లో పెద్దాసుపత్రిలో నర్సు. చదువుకెళ్లినప్పటి నుంచి, పదకొండేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటోంది. తండ్రితో రోజూ ఫోన్లో గంటలు గంటలు కబుర్లు. ఫోను తల్లి ఎత్తిందంటే మాత్రం, "నాన్న ఉన్నారా?" అంతే, ఇక మరో మాట ఉండదు. బిడ్డ ఒక్కసారి ఓడెక్కితే చాలు, నాలుగు రోజులు చుట్టూ నీళ్లు పెట్టుకుని తల్లీకూతుళ్లు మాట్లాడుకోక ఎటు పోతారు అని ఆయన ఎత్తు. కూతురు కూడా చాలా బతిమాలించుకుని ఒప్పుకుంది. "వస్తా నాన్నా. కానీ అమ్మ మళ్లీ ఏదైనా అందనుకో, తర్వాతి రేవులోనే దిగిపోతా. మళ్లీ నన్ను అడగొద్దు," అంది. ఆ చివరి మాట పెళ్లానికి చెప్పేటప్పుడు టైలరు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆ కోపం వెనక పన్నెండేళ్ల నాటి ఒక పొద్దు ఉంది. కూతురికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. డాక్టరు చదువుకి ఉచిత సీటు కోసం కౌన్సెలింగు. ఏడుంబావు బస్సెక్కితే టైముకి చేరుతుంది. ఆ బస్సు కండక్టరు తల్లే. పిల్ల సర్టిఫికెట్టు మర్చిపోయి వెనక్కి పరిగెత్తింది, తీసుకుని మళ్లీ వచ్చేసరికి ఇంకో ముప్పై అడుగులేస్తే స్టాపు. "అమ్మా! అమ్మా! ఆగు!" అని అరిచింది. వెనక అద్దంలోంచి రైటమ్మ చూసింది. బస్సులో ఉన్న అరవై మందీ చూశారు. గడియారంలో ఏడుంబావు అయింది. "రైట్" అంది రైటమ్మ.

సీటు ఇంకెవరికో పోయింది. ఆ సాయంత్రం పిల్ల గోడకేసి తిరిగి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "ఐదు నిమిషాలు ముందు బయల్దేరాల్సింది," అంది రైటమ్మ. అంతే అంది. తర్వాత కూతురు నర్సు చదువు చదివింది. ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం, కాబట్టి సీటు పోయిన బాధ ఎప్పుడో పోయింది. ఆ సాయంత్రం మాట మాత్రం పోలేదు.

రైటమ్మ మాత్రం మర్చిపోయిందా? రాయి కాదు కదా ఆవిడ. తప్పయిపోయింది అని చెబుదామని ఎన్నోసార్లు నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అలా అంటే, ఆ రోజు బస్సు కదపడమే తప్పని ఒప్పుకున్నట్టవుతుందేమో. అరవై మందిని ఆపి సొంత కూతుర్ని ఎక్కించుకోవాల్సిందా? మీరైతే ఏం చేసేవాళ్లు? ఆ ముడి విప్పుకోలేక, నోరు మూసుకుని పన్నెండేళ్లు గడిపేసింది.

నాలుగో రేవుకి ఓడ మధ్యాహ్నం పన్నెండింటికి చేరింది. సాయంత్రం ఐదున్నరకి మెట్లు తీసేస్తారు, ఆరింటికి కదులుతుంది. కూతురి డ్యూటీ రెండింటికి అయిపోతుంది, మూడింటికల్లా వచ్చేస్తానంది. రైటమ్మ ఒంటిగంటకే తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మొగుడి ఫోను చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర కూర్చుంది. ఆ రోజు ఎవరి మీదా కేకలెయ్యలేదు. పెట్టెలు దారికడ్డంగా పెట్టినా పట్టించుకోలేదు. మూడైంది, నాలుగైంది. వచ్చే ప్రతి టాక్సీ వైపూ లేచి నిలబడటం, దిగింది వేరేవాళ్లని చూసి కూలబడటం.

ఐదవడానికి పది నిమిషాలుందనగా ఫోను మోగింది.

"నాన్న ఉన్నారా?" అంది కూతురు.

"పడుకున్నారమ్మా. ఏమైంది? ఎక్కడున్నావు?"

కూతురు గబగబా చెప్పింది. "నా తర్వాత డ్యూటీకి రావాల్సిన నర్సు ఇప్పుడే వచ్చింది. ఇద్దరు పేషెంట్లకి పొద్దున్నే ఆపరేషన్లయ్యాయి, గాలికొదిలేసి రాలేను కదా. ఇప్పుడు టాక్సీ ఎక్కుతున్నా. గంట పైనే పడుతుందట. అందనని నాన్నకి చెప్పు. ఆగొద్దని చెప్పు." చివర్న, "నువ్వెలాగూ ఆగవులే," అని పెట్టేసింది.

పదకొండేళ్లలో కూతురు తనతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ చివరి మాట గుండెలో కలుక్కుమంది. కానీ దాని వెనకే ఇంకోటి కూడా అనిపించింది. సముద్రం పక్కన ఓడ ఎదురుచూస్తున్నా, డ్యూటీ దిగేదాకా కదల్లేదు పిల్ల. అచ్చం తన కడుపున పుట్టిందే. ఆ గర్వం ఎవరితో చెప్పుకోవాలో తెలియక రైటమ్మ కళ్లొత్తుకుంది.

తర్వాత లేచి, ముప్పై నాలుగేళ్లలో ఏనాడూ ఎవరినీ అడగని మాట ఆ ఆఫీసరుని అడిగింది. "నాయనా, మా అమ్మాయి దారిలో ఉంది. ఒక్క అరగంట ఓడ ఆపించలేవా?"

ఆయన పాపం నొచ్చుకున్నాడు. "నా చేతుల్లో లేదమ్మా. లోపల రెండు వేల మంది. రేపటి రేవులో ఐదొందల మంది ఎక్కడానికి కాచుకుని ఉంటారు. ఆరింటికి మనం కదలకపోతే ఈ చోటు కోసం అదుగో, ఆ ఓడ ఆగిపోవాలి."

ఆ తెల్ల చొక్కా తనే వేసుకుని ఉంటే రైటమ్మ ఇంకా గట్టిగా చెప్పేది. "నువ్వన్నది నిజమే నాయనా," అని పక్కకొచ్చి నిలబడింది. ప్రాణం ఉసూరుమంది. ఈసారి కూడా కూతురు పరిగెత్తుకుంటూ వస్తుంది, ఈసారి కూడా తను కదిలిపోతూ వెనక్కి చూస్తుంది. మళ్లీ నన్ను అడగొద్దు అంది కదా, అడగడానికి ఇక మొహం కూడా ఉండదు.

సరిగ్గా అప్పుడు తట్టింది ఆవిడకి. ఓడ ఆగదు, నిజమే. ఆగకూడదు కూడా. కానీ దీనికి తను కండక్టరు కాదే! ప్యాసింజరు. ప్యాసింజరుకి దిగాలనిపిస్తే దిగొచ్చు.

"ఇదిగో నాయనా," అంది ఆఫీసరు దగ్గరికి ఒక్క ఉదుటున వెళ్లి. "ఇక్కడ దిగిపోయి, రేపు మధ్యాహ్నం తర్వాతి రేవులో ఎక్కుతానంటే ఎక్కనిస్తారా? ఇద్దరం."

"కార్డు చూపిస్తే ఎక్కనిస్తారు. మీ అమ్మాయి పేరు కూడా ఆ రేవుకి మారుస్తాను. కానీ అక్కడిదాకా రోడ్డున మీరే చేరుకోవాలి. లేటైతే మాత్రం మాకు సంబంధం లేదమ్మా."

"లేటా? నేనా?" అంది రైటమ్మ, అవమానం జరిగినట్టు.

క్యాబిన్‌లోకి వెళ్లి, "ఏమండీ, నేను దిగుతున్నా," అంటే టైలరు కళ్లు మూసుకునే, "వచ్చే రేవులోనా?" అన్నాడు.

"కాదు, ఇక్కడే. ఇప్పుడే. అమ్మడు ఓడ అందుకోలేదు, నేనే దాని దగ్గరికి వెళ్తా. రేపు మధ్యాహ్నానికి మీ కూతుర్ని తెచ్చి మీకప్పగిస్తా."

మూడు రోజులుగా తల ఎత్తలేని మనిషి దిగ్గున లేచి కూర్చున్నాడు. పెళ్లాం వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మరుక్షణం చేతిసంచీ తీసి అందులో ఆవిడ చీర కుక్కాడు, దువ్వెన కుక్కాడు, తొందరలో తన చొక్కా కూడా కుక్కాడు. "వెళ్లు, వెళ్లు. నా గురించి బెంగెట్టుకోకు. కానీ నీకు దణ్ణం పెడతా, దాని దగ్గర రూల్సు మాట్లాడకు," అన్నాడు.

మెట్ల దగ్గర ఆఖరు నిమిషం జనం పెట్టెలతో ఎగబడి ఎక్కుతున్నారు. ఎదురు దిగుతున్నది రైటమ్మ ఒక్కతే. "ముందు దిగేవాళ్లని దిగనివ్వండి!" అని ఈసారి ఆఫీసరే కేకేశాడు.

ఆరింటికి ఓడ కదిలింది. రైటమ్మ రేవు ఒడ్డున సిమెంటు దిమ్మ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను లేకుండా బండి కదిలిపోవడం ఎలా ఉంటుందో ఆవిడకి ఆ రోజే తెలిసింది. పైన డెక్కు మీద టైలరు తువ్వాలు ఊపుతున్నాడు, ఒక చేత్తో కడ్డీ గట్టిగా పట్టుకుని.

ఆరుంపది నిమిషాలకి కూతురు వచ్చింది. ఆసుపత్రి బూట్లు కూడా విప్పకుండా, భుజాన సంచీతో గేటు దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎదురుగా ఖాళీ నీళ్లు కనబడేసరికి నిలువునా ఆగిపోయింది.

"అమ్మడూ! ఇటు!" రైటమ్మ గొంతు రేవంతా వినిపించింది.

కూతురు దగ్గరికొచ్చి తల్లిని ఎగాదిగా చూసింది. "ఓడ వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది. టైముకే వెళ్లింది."

"నాన్న?"

"అందులోనే ఉన్నారు. అదుగో, ఆ ఊపుతున్న తువ్వాలు ఆయనదే."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావు?"

"దిగిపోయాను. నువ్వొస్తున్నానన్నావు కదా."

రైటమ్మ ఒళ్లో సంచీ నలిపేస్తూ మొదలెట్టింది. "ఓడ ఆపమని అడిగానే. ఆపడం కుదరదన్నారు. వాళ్ల తప్పు లేదు. ఆ రోజు బస్సు కూడా అంతే, అరవై మంది ఉన్న బస్సు..."

"అమ్మా! మళ్లీ అదేనా?" కూతురి మొహం బిగుసుకుపోయింది. సంచీ సర్దుకుని గేటు వైపు తిరిగింది.

రైటమ్మ నాలిక కరుచుకుంది. మొగుడు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాడు, అయినా నోరు పాత దారినే పోయింది. "ఆగవే! ఒక్క నిమిషం ఆగు!" లేచి కూతురి చెయ్యి పట్టేసుకుంది. "బస్సు సంగతి కాదే నేను చెప్పొచ్చింది. సాయంత్రం సంగతి. నువ్వలా ఏడుస్తుంటే నిన్ను దగ్గరికి తీసుకోవాల్సింది. టైము గురించి మాట్లాడాను. డ్యూటీ ఎప్పుడో దిగిపోయాను, ఇంటికొచ్చేశాను, అప్పుడు నేను నీకు అమ్మని. అయినా కండక్టరు లాగే మాట్లాడాను. తప్పు చేశానమ్మా. చాలా పెద్ద తప్పు చేశాను."

కూతురు చెయ్యి విడిపించుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, వస్తున్న నవ్వు ఆపుకోలేక, "ఈ ఒక్క మాటకి పన్నెండేళ్లు పట్టిందా నీకు?" అంది.

"లేటయింది," అంది రైటమ్మ. తన గురించి తను ఆ మాట అనుకోవడం ఆవిడకి జీవితంలో అదే మొదటిసారి.

"సర్లే. నేనూ లేటే కదా. పద."

"ఎక్కడికే?"

"నా గదికి. నువ్వెప్పుడూ చూడనేలేదుగా. రేపు పొద్దున్న ఆ రేవు ఊరికి బస్సెన్నింటికో నీకు తెలిసే ఉంటుంది."

"ఆరుంబావుకి ఫస్ట్ బస్సు. నాలుగు గంటల దారి. నిన్ననే కనుక్కున్నా, ఊరికే."

"అయితే నన్ను ఐదింటికే లేపేస్తావన్నమాట."

"నాలుగున్నరకి," అంది రైటమ్మ, కూతురి భుజం మీది సంచీ అందుకుంటూ.