మాటలు దాచే యాప్

ఇళ్ళ ప్లాన్లు గీసే మా ఆఫీసుకు గదంటూ లేదు. ఎవరింట్లో వాళ్ళం కూర్చుని పని చేస్తాం. అందరినీ కలిపేది ఫోన్లో గ్రూపొక్కటే. ఆ గ్రూపులో పెట్టవలసిన ప్లానొకటి, గోడలో లాకరు ఎక్కడ వస్తుందో గుర్తుతో సహా, మా సైటు ఇంజనీరు తన అపార్టుమెంటు వాళ్ళ గ్రూపులో పెట్టేశాడు. నీళ్ళ మోటారు పాడైందన్న కబురు కింద ఆ లాకరు అందరికీ దర్శనమిచ్చింది. ఇల్లు కట్టించుకునే ఆయన మమ్మల్ని దులిపేసి వెళ్ళిపోయాడు.

మా యజమానిని మేం పెద్దాయన అంటాం. భద్రమైన యాప్ వెతికే పని తెచ్చి ఆయన నా నెత్తిన పెట్టాడు. నేను చూసేది లెక్కలు. లెక్కలకీ తాళాలకీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలియదు. ఊరికే వచ్చేవన్నీ పిండి కొద్దీ రొట్టె. వాటిని పక్కన పెడితే రెండు మిగిలాయి. మొదటిదాన్ని కొన్నాళ్ళు వాడి చూడమని ఆ యాప్ వాళ్ళే ఇచ్చారు.

"ఏదైనా రాసి చూడు వదినా, ఇది గట్టిది" అన్నాను. వదినంటే మా అన్నయ్య భార్యే. మా ఆఫీసులో పెద్ద డ్రాయింగులన్నీ ఆవిడ గీసినవే.

రాసింది. కంటి నరం దెబ్బతింటోందట. ఆపరేషన్ చేసినా చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారట. అన్నయ్యకు చెప్పలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని వంటింటి దాకా నడవడం నేర్చుకుంటోందట. "పెద్దాయనకు తెలిస్తే నా పని పోతుంది. నీ కడుపులోనే దాచుకో" అని చివర.

ఏడ్చాను. ఏడ్చి, ముఖం కడుక్కుని, ముందే చేయవలసిన పని అప్పుడు చేశాను. యాప్ వాళ్ళిచ్చిన వివరాలు పూర్తిగా చదివాను. యజమాని ఖాతా ఉన్నవాళ్ళు ఏ ఇద్దరి మధ్య నడిచిన మాటలైనా తెరిచి చూడవచ్చు. చెరిపేసినవి కూడా. ఆఫీసు ఖాతాను మొత్తంగా మూసేస్తేనే అవి పోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. వదినకు చెప్పలేదు. చెరపడానికి వీల్లేనిదానికి ఆవిడ నిద్ర చెడగొట్టడమెందుకు?

రెండోదానిలో రాసుకున్న ఇద్దరికి తప్ప ఇంకెవరికీ ఏమీ కనిపించదు. పెద్దాయన ఆ మెసేజ్ చూడకముందే రెండోది ఖాయమై మొదటిది మూతపడితే వదిన ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఏది కొనాలో తేల్చేది అందరూ ఉన్న వీడియో మీటింగులో. అక్కడ ఆ ముక్క చెప్పలేను కదా.

"మొదటిదే బాగుందమ్మా. అన్నీ ఉన్నాయి" అన్నాడు పెద్దాయన.

"ఉన్నాయి సార్. మనం విడిగా రాసుకునేవి చదివే వీలు కూడా ఉంది."

స్క్రీను మీద వదిన ముఖం పాలిపోయింది.

"ఎవరు చదువుతారు?" అన్నాడు పెద్దాయన.

"మీరు. మీతోపాటు మీ భాగస్వామి."

భాగస్వామి ఆయన అల్లుడే. ఆ అల్లుడి గురించి పెద్దాయన ఆ యాప్‌లో నాకు రాసే మాటలు ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. అల్లుడుగారు అదే మీటింగులో కూర్చుని ఆసక్తిగా వింటున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అబ్బే, అది మర్యాద కాదమ్మా. రెండోదే తీసుకుందాం. దీన్నిప్పుడే మూసేస్తున్నా."

మూసేశాడు. నా ఫోన్లో మొదటి యాప్ ఖాళీ అయిపోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

కొత్త యాప్‌లో నాకొచ్చిన తొలి మెసేజ్ పెద్దాయనదే. "మీ వదినను వెంటనే ఆపరేషన్ చేయించుకోమను. పని ఎక్కడికీ పోదు. ఇది నువ్వు నాతో మాట్లాడి ఒప్పించినట్టు చెప్పు. నేను చదివానని తెలిస్తే బాధపడుతుంది."

మంచివాడే, కాదనను. అయినా నాకు ఒళ్ళు మండింది. తను తొంగి చూసి, అబద్ధం మాత్రం నన్నాడమంటాడు. అలాంటివి నాకు చేతకావు. ఆడినా వదిన ఇట్టే పట్టేస్తుంది.

ఫోన్ చేశాను. "నీ ఉద్యోగానికి ఢోకా లేదు వదినా. ఆపరేషన్ చేయించుకుని రమ్మన్నాడు. కానీ పెద్దాయన చదివాడు. మూయకముందే."

ఉద్యోగం నిలిచిందని సంతోషిస్తుందనుకున్నాను.

"ఎంతవరకు చదివాడు? కళ్ళు మూసుకుని నడిచేది కూడానా?" అంది.