మాగ్నస్ గుంట

మాగ్నస్ హాల్‌క్రో టీ తాగేముందు కప్పును మెల్లగా గుండ్రంగా తిప్పి అడుగు చూసేవాడు. షెట్లాండ్ దీవుల నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి, ఇక్కడి ఒటాగో వాగుల్లో పళ్ళెం తిప్పి ఇసుకలోంచి బంగారం కడిగిన చెయ్యి అది. "ఏమైనా తగిలిందా, మాగ్నస్?" అని నా భార్య ఎల్స్‌పెత్ నవ్వేది. ఆమె పోయాక కూడా అతను మా ఇంటికి టీకి మానకుండా వచ్చేవాడు. ఆ ప్రశ్న నేను అడిగేవాణ్ణి.

బంగారం తవ్వేవాళ్ళంతా కలిసి అతన్ని శాసనసభకు పంపిన ఏడాది సంగతి ఇది. ఓడినవాడు అతని పక్క గుంటలో తవ్వే ఐరిష్ మనిషి, డెనిస్ టూహీ. మా లోయలో కట్టుబాటు ప్రకారం వారం రోజులు పార పడని గుంటను ఎవరైనా తీసుకోవచ్చు. దానితోపాటు గట్టుమీది గుడిసె కూడా పోతుంది. సభ్యుడికి మినహాయింపు ఇద్దామంటే మాగ్నసే ఒప్పుకోలేదు.

"తవ్వకుండా భూమి పట్టుకు కూర్చునేవాళ్ళని తిట్టి ఓట్లు అడిగాను. ఇప్పుడు నేనే కూర్చోనా?"

ఈ దేశంలో అతనికున్న ఇల్లు ఆ గుడిసె ఒక్కటే.

సభ చలికాలమంతా సాగింది. అతను తిరిగొచ్చిన రోజు బండి దగ్గరికి నేనే వెళ్ళాను. ఒంటిమీద కొత్త కోటు, ముఖంలో మాత్రం నెత్తురు లేదు.

"ఎవరు తీసుకున్నారు, మాస్టారూ?"

"వచ్చి చూడు," అన్నాను. బడి కిటికీలోంచి నేను వారం వారం చూస్తూనే ఉన్నాను. చెప్పేస్తే ఆ ముచ్చట పోతుందనిపించింది.

గుంట అంచున మట్టి కొత్తగా, తడిగా ఉంది. అందులో మాగ్నస్ పాత పార నిలబడి ఉంది. గుడిసెకు అతని తాళమే. పక్క గుంటలోంచి టూహీ తల ఎత్తాడు.

"రండి రండి, సభ్యులవారూ! ఆ కోటుతో దిగకండి, బురద దడుచుకుంటుంది."

"నా గుంటలో పార వేసిందెవరు, డెనిస్?"

"శనివారం పూట చేతులు ఊరుకోక నేనే."

"నువ్వే తీసుకోవచ్చుగా!"

"తీసుకుంటే? ఇల్లు పోయిందని ఊరూరా ఏడ్చి మళ్ళీ ఓట్లు దండుకుంటావు. వచ్చేసారి నిన్ను ఓడించాలయ్యా నేను. దిగు. ఇక నీ మట్టి నువ్వే తవ్వుకో."

మాగ్నస్ కోటు విప్పి నా చేతికిచ్చాడు. గుంటలో దిగి ఒక్క పార మట్టి ఎత్తిపోసి, పైకొచ్చి గుడిసెలో పొయ్యి రాజేశాడు. మొదటి కప్పు టూహీకే ఇచ్చాడు.

టూహీ దాన్ని గుండ్రంగా తిప్పి అడుగు చూశాడు.

"ఏమైనా తగిలిందా?" అన్నాను.

"టీ ఆకులే, మాస్టారూ," అన్నాడతను. "వేడిగా ఉంది, చాలు."