విరగని పాలు

సీసాల్లో చుక్కలు వేశానా, లేదా?

శనివారం మధ్యాహ్నం నుంచి నా బుర్రలో ఇదే గోల. పాల నమూనా తీసినప్పుడు, లక్క సీలు వేసే ముందు, ప్రతి సీసాలో కాసిని ఫార్మలిన్ చుక్కలు వేయాలి. లేకపోతే ల్యాబుకి చేరేలోగా పాలు విరిగిపోతాయి, వాటితో పాటే కేసూ పోతుంది. ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలోనే నేర్పారు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వేశానా అంటే మాత్రం గుర్తు లేదు.

తప్పంతా ఆ డెయిరీవాడిది. నీళ్ళు కలుపుతున్నాడని ఫిర్యాదొస్తే వెళ్ళాం. నేను సీసాలు నింపుతుంటే పక్కనే నిలబడి పళ్ళికిలించాడు.

"మీ పాప క్రెష్‌కి కూడా మా పాలే మేడమ్. అవి తాగే కదా అంత బొద్దుగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. నా పిల్ల ఊసు నీకెందుకని ఒంటికాలి మీద లేచాను. ఆ ఊపులోనే మూతలు బిగించాను, సీళ్ళు వేశాను. మధ్యలో చుక్కలు పడ్డాయో లేదో దేవుడికే తెలియాలి.

సీలు విప్పి చూద్దామంటే నమూనాయే చెల్లదు. మళ్ళీ వెళ్ళి తీద్దామంటే, ఈసారి వాడు నిఖార్సయిన పాలు పెట్టుకుని కూర్చుంటాడు. సోమవారం దాకా ల్యాబు తెరవరు. ఆఫీసు ఫ్రిజ్ ఎప్పుడో మూలపడింది. గతిలేక బీరువాలో పెట్టాను.

ఆదివారమంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. "అక్కడ మర్చిపోయిందంతా ఇక్కడ వేస్తున్నావా?" అన్నారు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

సోమవారం పాపని క్రెష్‌లో దింపి, ఆఫీసు తాళాలు తీసే వేళకే వెళ్ళాను. బీరువా తెరిచి సీసా వంచి చూశాను. పాలు తెల్లగా జారుతున్నాయి, ఒక్క పలుకు లేదు. ఇంత ఎండల్లో, గాలాడని బీరువాలో. హమ్మయ్య, అయితే వేసే ఉంటాను. కుర్చీలో కూలబడ్డాను.

"నేను చెప్పలా? నువ్వు మర్చిపోయే మనిషివి కాదమ్మా," అన్నాడు జీపు డ్రైవరు బాబాయ్. "పద, ల్యాబుకి పోదాం."

పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. అడుగున చిన్న గాజు సీసా తగిలింది. ఫార్మలిన్. ఆ రోజు తీసుకెళ్ళింది ఇదొక్కటే. మూత మీద కాగితం చింపనే లేదు.

"మరి పాలెందుకు విరగలేదమ్మా?" అన్నాడు బాబాయ్.

నేను వేయలేదు. నాకంటే ముందు వాడే వేశాడు. శవాలు కుళ్ళకుండా వాడే మందు, పసిపిల్లలు తాగే పాలల్లో. నీళ్ళే కదా అనుకుని నా పిల్లని పొద్దున నేనే అక్కడ వదిలి వచ్చాను.

వెంటనే క్రెష్ ఆయాకి ఫోన్ చేశాను. "ఎవరికీ పాలు పట్టకు."

"ఇప్పుడే తాగేశారండీ అందరూ. మీ పాప ఇంకా కావాలని మారాం చేస్తే ఇంకో గ్లాసు పోశాను."

"జీపు తియ్యి బాబాయ్. ముందు క్రెష్‌కి, అట్నుంచి ఆసుపత్రికి."

ఒళ్ళో కాగితం పెట్టుకుని జీపులోనే రిపోర్టు మొదలుపెట్టాను. బాబాయ్ ఓరగా చూశాడు.

"ఆ సీసా సంగతి రాయకమ్మా. నీ ఉద్యోగానికే ఎసరు."

"రాయకపోతే, పాలల్లో తేలిన మందు నేను వేసిందే అనుకుంటారు. వాడు రేపు కూడా దర్జాగా పాలు పోస్తాడు."

బాబాయ్ జీపు వేగం పెంచాడు. నేను మొదటి వాక్యం రాశాను. 'చుక్కలు వేయడం నేను మర్చిపోయాను.'